చేటెడు తవుడు

మా చిన్నవాణ్ణి పురిటిస్నానం రోజున చేటెడు తవుడికి అమ్మేశారు. అమ్మింది మా అత్తగారు. కొన్నది పక్కవాటా షావుకారమ్మ. కన్నది నేను. తడిజుట్టుతో పీట మీద కూర్చుని చూడడమే నా వంతు. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు.

ఇది మా వైపు మామూలే. ఒక బిడ్డ పోయాక పుట్టిన బిడ్డని చేటలో వేసి, ఇరుగుపొరుగున ఎవరికో తవుడికి అమ్మేస్తారు. తవుడి పాటి చేసే పిల్లాణ్ణి మృత్యువు మాత్రం ఏం ఎత్తుకుపోతుందని ధైర్యం. తరవాత మళ్ళీ తవుడే ఇచ్చి కొనుక్కుంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఏ ఊళ్ళోనైనా నిలబడి తవుడు పేరు పెట్టి ఒక కేక వేయండి, ఎవరో ఒకరు 'ఏటి' అంటూ వెనక్కి తిరుగుతారు. మావాడికీ ఆ పేరే పెట్టారు. ఇప్పుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ పేరుని పొడి అక్షరం చేసి ఇంటిపేరు పక్కన దాచుకుంటాడు. నేను మాత్రం పదిమందిలో పూర్తి పేరుతోనే పిలుస్తాను.

వాడికి ముందు ఒకడు పుట్టి పోయాడు. వాడి గురించి ఎక్కువ రాయలేను. పాకడం నేర్చుకుంటూండగా వాంతులు పట్టుకున్నాయి, పూట తిరక్కుండా చేతుల్లోంచి వెళ్ళిపోయాడు. అప్పటికి మా అమ్మాయికి మాటలు వస్తున్నాయి. 'ఆడేడీ' అని కొన్నాళ్ళు అడిగింది. 'ఎల్లిపోనాడు' అని ఎవరో చెప్పారు. ఆ మాట దానికి సరిపోయింది, మళ్ళీ అడగలేదు. నాకు సరిపోలేదు.

అరవయ్యో దశకం నడిమి రోజులవి. మేము శృంగవరపుకోటలో ఉండేవాళ్ళం. మా ఆయన కొండల్లో రోడ్డు పనుల మీద అజమాయిషీ చేసేవారు. వారానికో పది రోజులకో, వానలు పడితే ఇంకా ఆలస్యంగానో వచ్చి, కడుపునిండా తిని, ఒళ్ళు మరిచి నిద్రపోయి, మళ్ళీ బస్సెక్కేవారు. మా పుట్టిల్లు భావనపాడు దగ్గర. అక్కడ నాన్న ఉన్నాడు గానీ అమ్మ లేదు. అమ్మ లేని పుట్టింటికి పురిటికి వెళ్ళి ఏం చేస్తాను? అందుకని రామతీర్థం పక్క పల్లె నుంచి మా అత్తగారే దిగింది. వేసవి కాబట్టి పొలంలో పనిలేదు. ఆవిడ వచ్చింది కనక నేను కోలుకున్నాను, అది ఒప్పుకుంటాను. కాని ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా ఇంట్లో నేను చుట్టపుచూపుగా ఉన్నట్టే ఉండేది.

మేముండే ఇల్లు పొడుగాటి పెంకుటిల్లు. మధ్యన గోడ పెట్టి రెండు వాటాలు చేశారు. ముందు అరుగు రెండిళ్ళకీ ఒకటే. వెనక నుయ్యి కూడా ఒకటే, పెరటి గోడ సరిగ్గా ఆ నూతి మీదుగా పోతుంది. అటు సగం షావుకారమ్మది, ఇటు సగం మాది. మనుషులు కనపడరు గాని మాట మాత్రం నూతిలోంచి పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. అటు చేద పడితే ఇటు నీళ్ళు కదులుతాయి.

షావుకారమ్మకి నడివయసు. భారీ మనిషి, రెండు ముక్కుపుడకలు, గట్టి గొంతు. పిల్లల్లేరు. భర్తకి వీధి చివర చింతపండు, బెల్లం, పప్పులు అమ్మే కొట్టుంది, అన్నదమ్ముల ఉమ్మడి వ్యాపారం. నేను ఆవిడని అప్పా అనేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం. మా అమ్మాయి పెద్దమ్మా అనేది. ఇంట్లో ఆవు ఉండేది కాబట్టి తవుడు వాళ్ళ దగ్గర ఎప్పుడూ బస్తాలకొద్దీ నిలవ. మా అత్తగారు ఆవిణ్ణి ఎంచుకోవడానికి అదొక్కటే కారణం అని నేను అనుకున్నాను.

ఆ రోజు పిల్లాడికి నీళ్ళు పోసి, కాటుక పెట్టి, చేటలో పాత గుడ్డ పరిచి పడుకోబెట్టారు. ఆ చేట ఎత్తుకుని మా అత్తగారు అరుగు మీదకి వెళ్ళింది. అటునుంచి షావుకారమ్మ ఇంకో చేట నిండా తవుడు తెచ్చింది. ఒకరి చేట ఒకరు పుచ్చుకున్నారు. మామూలుగా అయితే అమ్మిన పూటే కొనేసుకుంటారు, పిల్లాడు పక్కింటి గడప తొక్కి వెంటనే వెనక్కి వచ్చేస్తాడు. మా అత్తగారికి అది చాలలేదు. ఒకసారి చెయ్యి కాలిన మనిషి.

"ఇదిగో కోడలా, సెప్తన్నాను ఇనుకో" అంది లోపలికొచ్చి. "ఏడాది తిరిగినాక రామతీర్తంలో గుండు సేయించి, అప్పుడు కొనుక్కుందాం. అందాకా ఈడు మనోడు కాడు. షావుకారమ్మోల గుంటడు, మన కాడ పెరగతన్నాడు, అంతే. నా కొడుకు అని నీ నోటంట రానీకు. నీ నోరు అసలే ఆగదు."

అన్నీ వింటూ మా అమ్మాయి అరుగు మీది స్తంభాన్ని కావలించుకుని నిలబడి ఉంది. దానికప్పుడు నాలుగేళ్ళు దాటి ఉంటాయి. చేటలో తమ్ముడు అటు వెళ్ళడం, చేటలో తవుడు ఇటు రావడం కళ్ళారా చూసింది. ఆ వయసు పిల్లలకి ఏదైనా చూపించాక, అది ఉత్తుత్తినే అని మళ్ళీ చెప్పాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

తొలి వానలు పడగానే వరి ఆకుమళ్ళు పోయాలంటూ మా అత్తగారు మూట కట్టుకుంది. బస్సెక్కుతూ కూడా 'నోరు జాగర్త' అనే చెప్పింది. బస్సు కదిలాక పిల్లనీ పిల్లాణ్ణీ తీసుకుని ఇంటికొచ్చి, తలుపు వేసుకుని, గది మధ్యలో నిలబడ్డాను. అంత నోరున్న మనిషి వెళ్ళిపోయాక ఆ ఇల్లు ఎంత పెద్దదో తెలిసింది.

చంటిపిల్లాడితో ఉన్న ఆడదానికి ఊపిరి సలపదంటారు. నిజమే. పొద్దున్న లేస్తే పొత్తిగుడ్డలు ఉతకడం, వానాకాలం కాబట్టి అవి ఆరక కుంపటి మీద బుట్ట బోర్లించి ఆరబెట్టడం, వస అరగదీయడం, పాలివ్వడం, వాడు కళ్ళు మూస్తే పెద్దదానికి ఇంత అన్నం కలపడం, అది తినేలోగా వాడు లేవడం. చెయ్యి ఖాళీగా ఉండేది కాదు. కాని చేతికి పనుంటే మనిషికి తోడున్నట్టు కాదు కదా. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడే మాటలన్నీ 'ఒద్దు, ముట్టకు, ఇటు రా, ఏడవకు' ఇంతే. ఒక్కోసారి పొయ్యి దగ్గర కూర్చుని నాలో నేను మాట్లాడుకుంటూంటే మా అమ్మాయి వచ్చి "ఎవులితో అమ్మా?" అని అడిగేది. "ఎవులితో నేదు, పో" అని కసిరేదాన్ని. వానకి పెంకుల్లోంచి కారిన చోటల్లా గిన్నెలు పెట్టి, ఆ చప్పుళ్ళ మధ్య ముగ్గురం ఒకే బొంత మీద కూర్చుని ఉండేవాళ్ళం. ముగ్గురం ఉన్నా నేను ఒక్కదాన్నే ఉన్నట్టుండేది.

నాతో పెద్దమనిషి మాట మాట్లాడేది ఒక్క షావుకారమ్మే. పొద్దున్నే నూతి గిలక కిర్రుమనేది, నా వైపు నీళ్ళు కదిలేవి, ఆ వెంటనే గొంతు లేచేది.

"నా నాయన లెగిసినాడేటి?"

"లెగిసినాడప్పా."

"నీలు కాగినాయా? వస్తన్నాను."

వచ్చి, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళు బార చాపుకుని, వాణ్ణి కాళ్ళ మీద వేసుకుని ఆముదం రాసి నలుగు పెట్టేది. నా చేతుల్లో గుక్కపట్టి ఏడ్చే వెధవ ఆవిడ కాళ్ళ మీద హాయిగా ఒళ్ళు వదిలేసేవాడు. నేను నీళ్ళు అందించేదాన్ని. సాంబ్రాణి పొగ వేసి, నుదుట చుక్క పెట్టి, "నా బాబు, నా బంగారు కొండ, ఎవులు కొడుకువిరా నువ్వు? నా కొడుకువి" అని ఊగించేది. నేను అనకూడని మాట ఆవిడ నా ఎదురుగా కూర్చుని గొంతెత్తి అనేది. ఆవిడకి హక్కుంది, చేటెడు తవుడు పోసి కొనుక్కుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. వాడు మొట్టమొదట గుర్తుపట్టి నవ్విందీ ఆవిణ్ణే చూసి. ఆ పూట నేను అన్నం మాడబెట్టాను.

కోపం ఉంటే ఉంది గాని ఆవిడ రాని పూట తోచేది కాదు. మా నాన్న ఒకసారి ఎవరితోనో ఎండు పాలసొర పంపాడు, బాలింతకి పాలు పడతాయని. దాన్ని కాలుస్తూంటే వీధంతా ఘుమఘుమ. షావుకారమ్మ వాళ్ళు చేప వాసన పడనివాళ్ళు. ఇవాళ రాదులే అనుకున్నాను. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఓలమ్మ, సచ్చిపోతన్నానే" అంటూనే వచ్చింది. కొంగు పళ్ళతో కరిచి పట్టుకుని వాడికి నీళ్ళు పోసి వెళ్ళింది. ఆవిడ వెళ్ళాక నేను చాలాసేపు నవ్వుకున్నాను. నవ్వుతూ నవ్వుతూ ఎందుకో ఏడుపొచ్చింది.

మా అమ్మాయి సంగతి వేరు. తమ్ముడు అనే మాట దాని నోట ఒక్కసారి రాలేదు. మొదట్లో నాకు పట్టలేదు. చంటివాడు పుడితే పెద్దపిల్లలు ముభావంగా ఉండడం ఉన్నదే, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. మా ఆయన కొండల నుంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టతో దిగినప్పుడు, కాళ్ళు కడుక్కోకముందే ఫిర్యాదు మోసుకెళ్ళేది: "అయ్యా, పెద్దమ్మోల గుంటడు నీ తువ్వాలు తడిపేసినాడు."

ఆయన పడీపడీ నవ్వేవారు. "ఎవరి గుంటడే?"

"పెద్దమ్మోల గుంటడు. మన కాడ పెరగతన్నాడు."

ఆయనకి అదో సరదా అయిపోయింది. "షావుకారుగారబ్బాయి పాలు తాగాడా?" అని నన్ను వేళాకోళం చేసేవారు. నవ్వేసి మర్నాడు పొద్దున్నే బస్సెక్కేవారు. ఇక్కడుండి రోజూ ఆ మాట వినేదాన్ని నేను.

ఒక రోజు అరుగు మీద కూర్చుని దానికి జడ వేస్తున్నాను. దాని చేతిలో కొయ్యబొమ్మ ఉంది. చాప మీద వీడు బోర్లాపడి, ఆ బొమ్మ కోసం చేతులు చాపి గింజుకుంటున్నాడు.

"ఒకసారి ఇవ్వే, నోట్లో పెట్టుకుని ఇచ్చేస్తాడు" అన్నాను.

"ఇవ్వను."

"ఏం, చిన్నవాడు కదా?"

"ఎల్లిపోతాడు గదా" అంది, తల తిప్పకుండా. "బొమ్మ అట్టుకుని ఎల్లిపోతాడు."

"ఎక్కడికి?"

"పెద్దమ్మోలింటికి. ఆడు ఎల్లిపోనాడు గదా, అలాగే."

నా చేతిలో జడపాయలు అలాగే ఉండిపోయాయి. ఇది అసూయ కాదు. ఈ ఇంట్లో తమ్ముళ్ళు కొన్నాళ్ళుండి వెళ్ళిపోతారని దానికి అర్థమైంది. వెళ్ళిపోయేవాడి మీద ఆశ పెట్టుకోకూడదని, చెప్పేవాళ్ళు లేకుండానే నేర్చుకుంది. నాకు మాత్రం ఎవరు నేర్పారు? నేనూ అదే చేస్తున్నాను కదా. వాడి మొహంలోకి ఎక్కువసేపు చూడకుండా, గుడ్డలు ఉతుక్కుంటూ, గిన్నెలు తోముకుంటూ, రోజు గడిస్తే చాలనుకుంటూ.

వీడు ఎక్కడికీ వెళ్ళడే, వీడు నీ తమ్ముడే, నా కొడుకే అని దాని మొహం నా వైపు తిప్పుకుని చెప్పాలనిపించింది. నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఏమవుతుంది? ఏమీ కాదు. అమ్మడం, కొనడం అంతా ఉత్తదే అని, ఫిఫ్తు ఫారం దాకా చదువుకున్న నా బుర్రకి బాగా తెలుసు. కాని ఒకణ్ణి మట్టిలో పెట్టి వచ్చినదాన్ని. పక్కన మనిషి లేని ఇంట్లో చదువు అంతగా పనికిరాదు. నోరు మూసుకుని జడ అల్లడం పూర్తిచేశాను. బొమ్మ అది ఇవ్వలేదు, వాడు ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాడు.

కార్తీకం వెళ్ళాక కొండల మీంచి మంచు దిగడం మొదలైంది. వాడు కూర్చోవడం నేర్చాడు. రెండు చేతులూ ముందుకి ఆనించుకుని, బరువైన తల ఊపుకుంటూ, పడిపోయే ముందు ఒక్క క్షణం ఆశ్చర్యంగా చూసేవాడు. వెళ్ళిపోయినవాడు కూడా సరిగ్గా ఇలాగే కూర్చునేవాడు. వాడు పోయిన వయసు వీడికి దగ్గరపడుతున్నకొద్దీ నాకు కాలు నిలవడం మానేసింది. వీడు ఒక్కసారి తుమ్మితే చాలు, పొయ్యి మీద ఏముందో మరిచిపోయి పరిగెత్తేదాన్ని.

అప్పుడు తెలిసింది, షావుకారమ్మ వాళ్ళు ఊరు విడిచి వెళ్ళిపోతున్నారని. అన్నదమ్ములు విడిపోయారు. కొట్టు పెద్దవాళ్ళ వాటాకి వెళ్ళింది. ఆవిడ తమ్ముళ్ళు బరంపురంలో వ్యాపారం చేస్తున్నారట, అక్కడికి రమ్మన్నారట. ఈ మాట కూడా నూతిలోంచే వచ్చింది.

"ఎలిపోతన్నామే, పిల్లా."

"ఎప్పుడప్పా?"

"మంచిరోజు సూడాలి."

గిలక కిర్రుమనడం ఆగింది. నీళ్ళు మెల్లగా సర్దుకున్నాయి.

మరి పిల్లాడి సంగతి? ఆవిడ వెళ్ళిపోతే ఎవరి దగ్గర కొనుక్కోవాలి? అమ్ముడుపోయినవాడు అమ్ముడుపోయినట్టే ఉండిపోతాడా? నా గుండెలో ఇదే గొడవ. అత్తగారిని అడుగుదామంటే అక్కడ నూర్పుల రోజులు, కబురు పంపినా కదలదు. మా ఆయన్ని అడిగితే నవ్వి పోతారు. పెద్దది షావుకారమ్మ, కొనుక్కుంటావా అని అడగవలసింది ఆవిడే అనుకున్నాను. ఆవిడ రోజూ వస్తోంది, నీళ్ళు పోస్తోంది, చుక్క పెడుతోంది, నా నాయనా అంటోంది. అన్నీ మాట్లాడుతోంది, ఆ ఒక్కటి తప్ప. నేనడిగితే పిల్లాణ్ణి లాక్కున్నట్టు ఉంటుందేమోనని నాకు జంకు. ఇన్నాళ్ళూ ఆవిడ మీద లోలోపల పళ్ళు నూరినదాన్ని, తీరా అడగాల్సిన సమయానికి నోరు రాలేదు.

బండ్లు వచ్చిన రోజు పొద్దున్నే మంచు దట్టంగా ఉంది. అరుగు ముందు రెండు ఎడ్లబండ్లు నిలబెట్టి, బస్తాలూ బిందెలూ మంచాలూ ఎక్కిస్తున్నారు. విజయనగరం దాకా బండ్లు, అక్కణ్ణించి రైలు. ఆవుని వెనకబండికి కట్టారు, దాన్ని విజయనగరంలో ఆడపడుచుకి ఇచ్చేస్తారట. అంతకుముందే ఆవిడ చివరిసారి వచ్చి వాడికి నీళ్ళు పోసి వెళ్ళింది. నేను పిల్లాణ్ణి వంటింటి ముందు చాప మీద కూర్చోబెట్టి, పెద్దదాన్ని కాపలా పెట్టి, గుడ్డలు ఉతకడానికి నూతి దగ్గరికి వెళ్ళాను. బండ్లు కదిలేదాకా అక్కడే ఉండిపోదామని నా ఉద్దేశం. ఆవిడ వెళ్ళడం చూడలేననిపించింది.

గుడ్డలు పిండుతూంటే వీధివైపు నుంచి బండివాళ్ళ నవ్వులు వినిపించాయి. మధ్యలో మా అమ్మాయి గొంతు. తడిచేతులతోనే పరిగెత్తాను. చాప మీద ఎవరూ లేరు.

అరుగు మీద చేట ఉంది. అదే చేట. అందులో పాత గుడ్డ పరిచి, దాని మీద వీడు దర్జాగా కూర్చుని, రెండు చేతులా చేట అంచులు పట్టుకుని ఉన్నాడు. వాడి పక్కన ఉగ్గుగిన్నె, వసకొమ్ము, మడతపెట్టిన పొత్తిగుడ్డలు, అన్నిటి మీదా ఆ కొయ్యబొమ్మ. మా అమ్మాయి ఆ చేటని అరుగు పొడుగునా ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి షావుకారమ్మ గడప ముందు పెట్టింది. రొప్పుతోంది. మొహమంతా ఎర్రగా అయిపోయింది.

"పెద్దమ్మా, నీ గుంటణ్ణి మరిసిపోతన్నావు" అంది. తరవాత మెల్లగా, "బొమ్మ ఆడికే" అంది.

బండివాళ్ళు మళ్ళీ నవ్వారు. షావుకారూ నవ్వాడు. షావుకారమ్మ నవ్వలేదు. ఇత్తడి చెంబు చేతిలో పట్టుకుని గడపలో నిలబడి ఉంది. ఆ చెంబు కింద పెట్టి, వంగి వాణ్ణి ఎత్తుకుంది. గట్టిగా గుండెలకి హత్తుకుని, వాడి తల మీద గడ్డం ఆనించింది.

"నాను మరవనేదే, గుంటా" అంది మా అమ్మాయితో. "మరిసినట్టు ఎలిపోదారనుకున్నాను."

నేను అరుగు ఇవతలి చివర నిలబడి ఉన్నాను. ఆవిడ నన్ను చూసింది. కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు కదా.

"నువ్వు అడిగితే ఇచ్చీక తప్పదు" అంది. "అడక్కపోతే, నానెక్కడున్నా ఈడు నావోడే గదా అనుకున్నాను. అందుకే అడగనేదు. నువ్వూ అడగనేదు. ఈ గుంట అడిగీసింది."

షావుకారు "బేగి రా, ఎండెక్కిపోతాది" అన్నాడు. ఆవిడ వినిపించుకోలేదు.

"మీ ఇంట తవుడున్నాదేటి?"

"నేదప్పా" అన్నాను. ఎక్కణ్ణించి ఉంటుంది? మాకు ఆవు లేదు, గేదె లేదు. పురిట్లో వచ్చిన ఆ చేటెడు తవుడూ మా అత్తగారు ఆ మర్నాడే ఆవిడ ఆవుకే పెట్టేసింది. నా కొడుకుని కొనుక్కోవడానికి నా ఇంట్లో గుప్పెడు తవుడు లేదు.

ఆవిడ బండివాడి వైపు తిరిగి, దారిలో ఆవుకోసం పైన పెట్టించిన తవుడు బస్తా దింపమంది. వాడు తాళ్ళన్నీ విప్పాలని సణిగాడు. "ఇప్పరా మరి" అని ఒక్క కసురు కసిరింది. బస్తా దిగింది. పిల్లాణ్ణి ఎడంచంకలో ఉంచుకునే, చేటలోని సామానంతా అరుగు మీద పెట్టి, గుప్పిలి చాలక చెంబుతో తోడి చేట నిండా తవుడు పోసింది. ఆ చేట తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"అట్టుకో. ఇప్పుడడుగు."

ఏడెనిమిది నెలలుగా మింగుతూ వచ్చిన మాట, తీరా అనమంటే రావడం లేదు. వీధంతా చూస్తోంది. మా అమ్మాయి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని పైకి చూస్తోంది.

"నా కొడుకుని నాకిచ్చేయప్పా" అన్నాను.

ఆవిడ కొంగు చాపింది. చేటలో తవుడంతా ఆ కొంగులో పోశాను. సగం గాలికి లేచి వాడి తల మీదా, నా మొహం మీదా పడింది. అప్పుడు పిల్లాణ్ణి నా చేతుల్లో పెట్టింది. కొంగు మూట కట్టుకుని బొడ్లో దోపుకుంది. బండెక్కబోతూంటే తవుడు వాసనకి ఆవు మెడ చాపింది. ఆవిడ ఆ మూటని చేత్తో కప్పుకుని పక్కకి తిరిగి ఎక్కింది. మళ్ళీ మా వైపు చూడలేదు. బండ్లు మంచులోకి వెళ్ళిపోయాయి, గంటల చప్పుడు మాత్రం కాసేపు వినపడింది.

మేము ముగ్గురం అరుగు మీద మిగిలాం. మా అమ్మాయి వాడి తల మీద తవుడు దులిపింది. వాణ్ణి తనవాడిలా ముట్టుకోవడం అదే మొదలు.

"మనోడేనా ఇప్పుడు?"

"మనోడే. నీ తమ్ముడు."

అది కొంచెం ఆలోచించింది. "ఇంక ఎల్లడా?"

ఇది ఏ తల్లీ ఇవ్వలేని మాట. నాకది బాగా తెలుసు. "ఎల్లడు" అన్నాను.

అరుగు మీద పడి ఉన్న కొయ్యబొమ్మ తీసుకుని, కొంగున తుడవమని నాకిచ్చి, తుడిచాక వాడి చేతిలో పెట్టింది. వాడు వెంటనే నోట్లో పెట్టుకున్నాడు. ఆ రోజంతా నేను ఇంట్లో తిరుగుతూ నా కొడుకు, నా కొడుకు అని అంటూనే ఉన్నాను. పొయ్యి ఊదుతూ అన్నాను, పాలిస్తూ అన్నాను. మా అమ్మాయి నవ్వి తనూ నా తమ్ముడు, నా తమ్ముడు అంటూ వెనక తిరిగింది. రెండిళ్ళ ముందు అరుగంతా మాదే అయింది.

మర్నాడు పొద్దున్న నీళ్ళు కాచి, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, కాళ్ళు బార చాపి వాణ్ణి పడుకోబెట్టుకున్నాను. ఆవిడ కాళ్ళంత పెద్దవి కావు నావి, వాడికి కుదర్లేదు. మెడ తిప్పి గోడ వైపు చూస్తూ రాగం తీశాడు. మా అమ్మాయి చిన్న చెంబుతో నీళ్ళు పోసింది. ఎలాగో అయిందనిపించి, వాణ్ణి తువ్వాలులో చుట్టి, అలవాటు కొద్దీ నూతి దగ్గరికి వెళ్ళి వంగాను.

"నా కొడుకు నీలోసుకున్నాడప్పా" అన్నాను.

మాట అటు వెళ్ళి ఇటే వచ్చింది. నీళ్ళు కదల్లేదు.